మూడో సీటులో వెలగని తెర

"నిన్న ఒంటిగంటన్నర నుంచి రెండింటి దాకా ఎక్కడున్నావమ్మా?"

జిగురు ఈ ప్రశ్న అడగడం అది ఏడోసారి.

"చెప్పాను కదా సార్. నా సీటులో లేను."

"సీటులో లేవు, ఒప్పుకున్నాను. మరెక్కడున్నావు?"

"సీటులో మాత్రం లేను."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది జిగురుకి. ఇరవై రెండేళ్ళు పోలీసు డిపార్టుమెంటులో పనిచేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. పట్టుకుంటే వదలడని డిపార్టుమెంటులో పెట్టిన పేరు జిగురు. అబద్ధాలాడే దొంగల్ని చూశాడు, ఏడ్చి తప్పించుకునే దొంగల్ని చూశాడు. తన మెడ మీద కత్తి వేలాడుతుంటే నోరు విప్పని నిర్దోషిని చూడడం మాత్రం ఇదే మొదలు.

ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. ఆఫీసులో అందరికీ ఆవిడ 'మూడో సీటు'. డాక్టర్లు రోగిని చూశాక వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేసి పంపుతారు. ఇక్కడివాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అది విని, రిపోర్టుగా టైపు చేసి ఆసుపత్రికి తిరిగి పంపుతారు. ఈ పనికి కావలసింది చెవి, వేళ్ళు, బుర్ర. కళ్ళు లేకపోతే వచ్చే నష్టమేమీ లేదని జిగురు వాళ్ళ అక్క పదేళ్ళుగా ఒక శిక్షణ కేంద్రం నడుపుతోంది. ఆవిడ కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగితే, చివరికి ఈ ఒక్క కంపెనీ ఆరుగురిని తీసుకుంది. వచ్చే నెల ఇంకో పదహారు మందిని తీసుకుంటామని మాటిచ్చింది.

నిన్నటితో అంతా తలకిందులైంది. మూడో సీటు నుంచి వెళ్ళిన ఒక రిపోర్టులో మందు మోతాదు తప్పు పడింది. కిడ్నీలు పాడైన ఒక మెకానిక్‌కి పావు వంతు ఇవ్వాల్సిన గుండె మందు నిండు మోతాదులో ఇచ్చేశారు. రాత్రి నుంచి ఆ మనిషి ఐసీయూలో ఉన్నాడు. ఇవాళ ఐదింటికి యాజమాన్యం సమావేశం. ఆరుగురి ఉద్యోగాలూ తీసేసి, ఈ అమ్మాయి మీద కేసు పెట్టి, ఆ పదహారు మందికీ తలుపు మూసెయ్యాలని కాగితం తయారుగా ఉంది. టైము రెండున్నర.

"మోతాదు దగ్గర ఏం చేశావో మళ్ళీ చెప్పు."

"డాక్టరు అంకె చెప్పేటప్పుడే వెనకాల ట్రాలీ ఒకటి దడదడమంటూ పోయింది. నాలుగుసార్లు విన్నాను, వినపడలేదు. అక్కడ ఖాళీ వదిలి, 'డాక్టరుని అడగాలి' అని గుర్తు పెట్టి, ఒకటీ ఇరవై నాలుగుకి సేవ్ చేశాను. మీ అక్కగారు మొదటిరోజే చెప్పారు సార్. వినపడకపోతే ఖాళీ వదులు, ఊహించి రాశావా మనిషిని చంపినట్టే అని."

"మరి ఆ ఖాళీలో అంకె ఎవరు పెట్టారు?"

"అది కనిపెట్టడానికే కదా మీ అక్కగారు మిమ్మల్ని పిలిచింది? ఇంకో మాట సార్. నాతో మాట్లాడేటప్పుడు నా వైపు తిరగండి. ఇందాకట్నుంచి మీరు కిటికీతో మాట్లాడుతున్నారు."

జిగురు నాలిక్కరుచుకుని కుర్చీ తిప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు కొట్టకుండా ఒకాయన లోపలికొచ్చాడు. బీమా కంపెనీ తరఫున వచ్చిన పరిశోధకుడు. ఒకప్పుడు డిపార్టుమెంటులో జిగురు చేతికింద పనిచేసినవాడే. ఏ కేసయినా, ఎవరేం చెప్పినా, చివరికి "ఇక్కడ సంతకం పెట్టండి" అనడమే తెలుసు కాబట్టి అతని పేరు 'సంతకం'గా స్థిరపడిపోయింది.

"గురువుగారికి నమస్కారం. అదేంటి, చెప్పులతో వచ్చారు? బూట్లు అమ్ముకున్నారా?"

"మడమ ఊడింది. కుట్టడానికిచ్చాను. నీ పని చూసుకో."

"నా పని అయిపోయింది." సంతకం ఒక కాగితం బల్ల మీద పరిచాడు. "కంప్యూటర్ లెక్క ఇది. ఒకటీ ఇరవై నాలుగుకి ఈవిడ ఫైలు సేవ్ చేసింది. ఒకటీ నలభై ఒకటికి ఇదే సీటులో, ఈవిడ పేరు మీదే, ఆ ఫైలు మళ్ళీ తెరిచి మార్చి పంపారు. ఒకటీ యాభై మూడుకి ఎడిటర్ పాస్ చేశాడు. ఒంటిగంటన్నరకి లంచ్. మిగతా ఐదుగురూ క్యాంటీన్లో ఉన్నారు, పదిమంది సాక్ష్యం. ఈవిడ లేదు. ఎక్కడుందో చెప్పదు. ఇంకేం కావాలి మీకు?"

"ఆవిడ మార్చిందని రుజువు కావాలి."

"కొండని తవ్వి ఎలకని పట్టడం మీకు సరదా. నాకంత తీరిక లేదు. అసలు మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ పని గుడ్డివాళ్ళకెందుకు గురువుగారూ? హాయిగా ఏ ఆఫీసులోనో ఫోన్లెత్తే ఉద్యోగం ఇస్తే సరిపోయేది కదా!"

"ఫోనెత్తితే అవతల మీలాంటివాళ్ళే ఉంటారు సార్. దానికన్నా ఇదే నయం," అంది మూడో సీటు.

జిగురుకి నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు. లేచి ఎడిటర్ గదికి నడిచాడు.

ఎడిటర్ యాభై దాటిన మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. టైపిస్టులు పంపిన ప్రతి రిపోర్టూ ఆయన చూసి, ఖాళీలుంటే డాక్టరుకి ఫోన్ చేసి నింపి, పాస్ చెయ్యాలి. ఆఫీసులో అందరికన్నా పెద్ద తెర ఆయన బల్ల మీదే ఉంది. జిగురు తనెవరో చెప్పుకుని, జేబులోంచి తీసి కార్డు చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని రెండు క్షణాలు పట్టుకుని తల ఊపాడు.

"మీ ఏజెన్సీ బోర్డు ఎక్కడో చూశాను," అని జేబులో వేసుకున్నాడు.

"నిన్న ఆ రిపోర్టు మీ దగ్గరికొచ్చినప్పుడు ఖాళీ ఉందా?"

"లేదు. అంకె ఉంది. మామూలు మనిషికి సరిపోయే మోతాదే. అనుమానం రాలేదు, పాస్ చేశాను."

"రోగికి కిడ్నీలు పాడయ్యాయని పైనే రాసుంది కదండీ?"

"రోజుకి యాభై అరవై రిపోర్టులు చూస్తానండీ. ఒక్కోసారి జారిపోతుంది."

మాట్లాడినంతసేపూ ఎడిటర్ జిగురు మొహం చూడలేదు. పక్కనున్న బీరువా వైపు తల తిప్పి, దానికే సమాధానాలు చెబుతున్నాడు. పొగరా, భయమా? ఏదైతేనేం, జిగురుకి ఒళ్ళు మండింది. ఇందాక తనకి పడ్డ చీవాటు గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాడు.

"లంచ్ టైములో ఎక్కడున్నారు?"

"ఇక్కడే. డబ్బా తెచ్చుకుంటాను."

"ఆ అమ్మాయి పని ఎలా ఉంటుంది?"

ఎడిటర్ బల్ల మీదున్న పెన్నుని తడిమి సరిచేశాడు. "ఈ ఆఫీసు మొత్తానికి మంచి చెవి ఆవిడదే," అన్నాడు.

"అంత మంచి చెవి ఉన్న మనిషి ఎడిటర్ పోస్టుకి నాలుగుసార్లు దరఖాస్తు పెడితే మీరే తిప్పి పంపారట?"

"ఎడిటింగ్‌కి కళ్ళు కావాలి. రూలు."

"ఎవడు పెట్టాడు ఆ రూలు?"

"కంపెనీ." ఆ మాట కూడా బీరువాకే చెప్పాడు.

టైము మూడూ పది. జిగురు కంప్యూటర్లు బాగుచేసే టెక్నీషియన్ని వెంటబెట్టుకుని చూపులేనివాళ్ళు పనిచేసే గదికెళ్ళాడు. గది చిమ్మచీకటి.

"లైట్లు వెయ్యరా?"

"ఎవరి కోసం సార్?" అని టెక్నీషియన్ స్విచ్ వేశాడు.

ఆరు బల్లలు, ఆరు హెడ్‌ఫోన్లు, రికార్డింగు ఆపడానికీ నడపడానికీ కాలి కింద ఆరు పెడళ్ళు. మూడో సీటు తెరకి ఒక చేతిసంచీ తగిలించి ఉంది. అప్పటికే జిగురు బుర్రలో ఒక లెక్క కుదిరింది. లంచ్‌కి అందరూ లేచి వెళ్ళాక కళ్ళున్నవాడెవడో వచ్చి ఈ సీటులో కూర్చుని ఆ ఖాళీ నింపాడు. నింద ఆ అమ్మాయి మీదికి పోయింది.

"లేచి వెళ్ళేటప్పుడు కంప్యూటర్‌కి తాళం వెయ్యరా వీళ్ళు?"

"వెయ్యాలి సార్, రూలే. కానీ తాళం తియ్యాలంటే ఒక వంకరటింకర బొమ్మ వస్తుంది. అందులో ఉన్న అక్షరాలు చూసి కొట్టాలి." టెక్నీషియన్ తల గోక్కున్నాడు. "చూడ్డమంటే వీళ్ళ వల్ల కాదు కదా. ప్రతిసారీ నన్ను పిలవాలి. ఆ బొమ్మ తీసెయ్యమని రెండేళ్ళ కిందటే అర్జీ పెట్టుకున్నారు, పైనే ఉంది. అందుకని ఈ గదిలో ఎవరూ తాళం వెయ్యరు."

"రెండేళ్ళా!" జిగురు పళ్ళు కొరుక్కున్నాడు. చూపులేనివాళ్ళ తలుపుకి చూపున్న తాళం పెట్టిన మహానుభావుడెవడో ఒకసారి దర్శనం చేసుకోవాలనిపించింది. సరే, తలుపు తీసే ఉందన్నమాట. లెక్క ఇంకా బలపడింది. ఉషారుగా తెర బటన్ నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు.

టెక్నీషియన్ వంగి వెనక చూసి నసిగాడు. "దీనికి కరెంటు తీగ లేదు సార్. కిందటేడు మీటింగ్ హాల్లో ప్రొజెక్టర్ తీగ కాలిపోతే ఇది పీకి అక్కడ పెట్టాను. ఆవిడకెలాగూ తెరతో పనిలేదని."

"ఇంకో తెర తెచ్చి తగిలించి ఉండొచ్చు కదా?"

"వెనక చూడండి. ఏడాది దుమ్ము. ఎవరూ ముట్టుకోలేదు."

గుమ్మం దగ్గర చప్పట్లు వినిపించాయి. సంతకం తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. "అద్భుతం గురువుగారూ! తెర లేదు. అంటే కళ్ళున్నవాడెవడూ ఈ సీటులో పనిచెయ్యలేడు. చీకట్లో, తెర లేకుండా, వింటూ టైపు చేసినవాళ్ళే మార్చారు. మిగతా ఐదుగురూ క్యాంటీన్లో ఉన్నారు. నాకు దొరకని రుజువు మీరే తెచ్చి చేతిలో పెట్టారు. ఇక్కడో సంతకం పెట్టండి."

"పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. అవతలికి పో!"

పొమ్మన్నాడే గానీ, సంతకం లెక్కలో తప్పులేదని జిగురుకి తెలుసు. కాపాడదామని వెళ్ళి ఉచ్చు తనే బిగించాడు. అప్పుడే అక్క ఫోన్.

"ఒరే తమ్ముడూ, ఏమైంది? పదహారు మందీ క్లాసులోనే కూర్చున్నారు. రేపు రావాలా వద్దా అని అడుగుతున్నారు. ఒకడైతే టైపింగ్ ఆపేశాడు. ఏం చెప్పమంటావు?"

"ఐదింటికి చెబుతానక్కా."

"నువ్వు చెబుతానన్నావంటే చెబుతావులే," అని ఆవిడ పెట్టేసింది. ఆ నమ్మకం జిగురుని తిట్టుకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

మూడూ యాభై. జిగురు పాత గదికి తిరిగొచ్చి ఆ అమ్మాయి ముందు కూలబడ్డాడు.

"చూడమ్మా, నీ మొండితనానికో దండం. నీ సీటులో కూర్చున్నది చూపులేని మనిషేనని రుజువైపోయింది. ఇప్పుడైనా చెప్పకపోతే నువ్వు జైలుకి, మా అక్క ఇంటికి. నేనెటు పోవాలో నాకే తెలీదు."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "బయటికి చెప్పనని మాటివ్వండి."

"ఇచ్చాను."

"మంటలొస్తే దిగే వెనక మెట్ల మీద ఉన్నాను. ఫోన్లో ఇంటర్వ్యూ. వేరే కంపెనీలో ఎడిటర్ పోస్టు. నాకు చూపు లేదని వాళ్ళకి చెప్పలేదు సార్. కిందటిసారి మూడు చోట్ల చెప్పాను. మూడు చోట్లా 'మళ్ళీ పిలుస్తాం' అన్నారు. ఈసారి గొంతుతోనే అరగంట మాట్లాడాను, అడిగినవన్నీ చెప్పాను, పరీక్షకి పంపిన రిపోర్టులో పదకొండు తప్పులు పట్టాను. ఇవాళ సాయంత్రం చెబుతామన్నారు. ఇప్పుడు నేను అక్కడున్నానంటే ఆ బీమా కంపెనీ ఆయన వెంటనే వాళ్ళకి ఫోన్ చేసి, 'మీ దగ్గరికొచ్చిన గుడ్డమ్మాయి ఉందే' అంటారు. ఎనిమిదేళ్ళుగా ఒకే సీటు సార్. నా తర్వాత వచ్చినవాళ్ళు నా మీద సూపర్‌వైజర్లయ్యారు."

 జిగురు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కోపమంతా ఎటో పోయింది.

"మెట్ల మీంచి తిరిగొచ్చాక ఏమైనా తేడాగా అనిపించిందా? ఏదైనా సరే."

"ఏముంటుంది సార్... ఆఁ, గొంతు నెమ్మదించింది."

"ఎవరి గొంతు?"

"కంప్యూటర్లో గొంతు. తెర మీదున్నది చదివి మా చెవిలో చెబుతుంది కదా. నేను దాన్ని పరిగెత్తిస్తాను. వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నత్తలా నడుస్తోంది. ఏదో తేడా చేసిందని తిట్టుకుని పెంచేసుకున్నాను."

జిగురు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని సీటు దగ్గరికి తీసుకెళ్ళి, ఆ హెడ్‌ఫోన్ తన చెవులకి తగిలించుకున్నాడు. ఆవిడ వేగంలో ఒక్క ముక్క అర్థం కాలేదు, వానలో రేకుల చప్పుడులా ఉంది. నిన్న ఉన్న వేగానికి తగ్గించమన్నాడు. ఇప్పుడు తనకి కూడా ప్రతి మాటా తెలిసింది.

"మీ ఆరుగురిలో ఇంత నెమ్మదిగా వినేదెవరు?"

"ఎవరూ లేరు సార్. నేర్చుకున్న మొదటి నెలల్లో ఇలా వింటాం. కొత్తవాళ్ళ వేగం ఇది."

కొత్తవాళ్ళు! చీకట్లో తెర అక్కర్లేని మనిషి, కానీ వినడం ఈ మధ్యే మొదలుపెట్టిన మనిషి.  అలాంటివాళ్ళు ఈ ఆఫీసులో ఎవరున్నారు?

"ఆ కంపెనీవాళ్ళ కబురు వస్తే మీకు చెబుతాను. మీ నంబరు ఇవ్వండి," అంది ఆవిడ.

జిగురు జేబులో చెయ్యి పెట్టి కార్డు తీసి ఇవ్వబోయి ఆగిపోయాడు. పొద్దున ఇంట్లో బయలుదేరేటప్పుడు జేబులో మిగిలింది ఒకే ఒక్క కార్డు. అది ఎడిటర్‌కి ఇచ్చేశాడు. మరి ఈ కార్డెక్కడిది? జేబంతా దులిపాడు. చిల్లర ఉంది, బస్సు టికెట్టు ఉంది. బూట్లు కుట్టేవాడిచ్చిన చీటీ లేదు.

బీరువాతో మాట్లాడే మనిషి గుర్తొచ్చాడు. మీ బోర్డు ఎక్కడో చూశానన్న మనిషి గుర్తొచ్చాడు.

నాలుగూ ఇరవైకి జిగురు ఎడిటర్ గదిలో ఉన్నాడు.

"ఇందాక నేనిచ్చిన కార్డు ఒకసారి తియ్యండి."

ఎడిటర్ జేబులోంచి తీశాడు.

"దాని మీద ఏముందో చదవండి."

"ఎందుకండీ? మీ కార్డే కదా."

"చదవండి సార్. పెద్ద అక్షరాలే."

 ఎడిటర్ ఆ ముక్కని మొహానికి దగ్గరగా తెచ్చాడు, పక్కకి జరిపాడు, మళ్ళీ దింపాడు.

"బూట్లు ఒక జత, ఎడమ మడమ, గురువారం ఇస్తాను అని ఉంది," అన్నాడు జిగురు. "ఎన్నాళ్ళయింది?"

ఎడిటర్ కుర్చీలో కుంగిపోయాడు. "ఎనిమిది నెలలు. ముందు మధ్యలో చిన్న మచ్చలా వచ్చింది. ఇప్పుడు ఎటు చూస్తే అటు ఆ మచ్చే. పక్కనుంచి మనుషులు కనిపిస్తారు, తలుపులు కనిపిస్తాయి. అక్షరం మాత్రం కనపడదు. ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"చెవితో చదవడం నేర్చుకున్నారు."

"ఇంటి దగ్గర, రహస్యంగా. నా కంప్యూటర్లో ఆ గొంతు పెట్టమంటే ఎందుకని అడుగుతారు కదా. అందుకని రోజూ లంచ్‌లో, మళ్ళీ సాయంత్రం అందరూ వెళ్ళాక, ఆ గది ఖాళీ అవగానే మూడో సీటుకి వెళ్ళి, రిపోర్టులన్నీ విని, దిద్ది, వేగం మళ్ళీ ఆవిడకి ఎలా ఉందో అలా పెట్టి వచ్చేవాణ్ణి. ఇక్కడికొచ్చి ఒక్క మీట నొక్కితే పాస్. ఎనిమిది నెలల్లో ఒక్క ఫిర్యాదు లేదు. కళ్ళున్నప్పుడు కూడా నేనింత బాగా దిద్దలేదు." ఆయన చేతిలో చీటీ బల్ల మీద పెట్టాడు. "నిన్న డాక్టరుకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండింటికల్లా రిపోర్టు వెళ్ళాలి. ఆయన పాత రిపోర్టుల్లో ఆ మందుకి ఎప్పుడూ అదే మోతాదు. పెట్టేశాను. కంగారులో వేగం కూడా మార్చడం మర్చిపోయాను."

"ఖాళీగా పంపాల్సింది కదయ్యా! నేర్చుకునే పిల్లలకి మొదటిరోజు చెప్పే పాఠం అది!"

"ఖాళీగా పంపితే పైవాళ్ళు వచ్చి తెర చూపించి 'ఏంటిది' అంటారు. చూడలేనని తెలిసిపోతుంది. తెలిస్తే నా బతుకేంటో నాకు తెలుసు. చూపులేనివాడికి టైపిస్టు సీటు దాటి మెట్టు లేదని రాసిన కాగితం మీద సంతకం నాదే. ఆ అమ్మాయి దరఖాస్తు నాలుగుసార్లు తిప్పి పంపింది నేనే. చివరిసారి పంపినప్పుడు, అదేంటో చదవలేకపోయాను కూడా."

జిగురుకి ఆయన్ని కొట్టాలనిపించింది, వెంటనే జాలేసింది, ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది. "ఆ అమ్మాయి జైలుకి పోతుంటే చూస్తూ ఊరుకుందామనుకున్నారా?"

"పొద్దున్నించీ చెబుదామనే అనుకుంటున్నాను. నోరు రాలేదు."

"ఇప్పుడు చెబుతారు. ఐదింటికి, అందరి ముందు."

"చెబుతాను," అన్నాడు ఎడిటర్. తప్పించుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

 నాలుగూ ముప్ఫై ఎనిమిది. అమ్మాయి బయటపడింది. కేసు తేలింది. అక్కకి చెప్పొచ్చు. జిగురు తలుపు వైపు తిరిగాడు.

తలుపు సగం తెరిచి ఉంది. సంతకం చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద రికార్డింగు ఎర్రచుక్క వెలుగుతోంది.

"మొత్తం విన్నాను గురువుగారూ. మీరు మీరే. ఆ అమ్మాయి మీద కేసు లేదు, ఆ పేరు ఇప్పుడే కొట్టేస్తున్నాను." కాగితం గోడకి ఆనించి, తీరిగ్గా ఒక పేరు కొట్టేసి, పక్కన ఎడిటర్ అని రాశాడు. "మిగతాది మార్చే పనే లేదు. 'చూపులేనివారిని ఈ పనిలో ఉంచినందువల్లే రోగి ప్రాణం మీదికొచ్చింది. ఇకపై ఒక్కరిని కూడా తీసుకోకూడదు, ఉన్నవారిని తొలగించాలి.' నిజమే కదా? మీరే రుజువు చేశారు కదా?"

"తప్పు కళ్ళది కాదురా! తెలియనిది తెలిసినట్టు రాశాడు. చూపున్నవాడు అలా రాస్తే చూపున్నవాళ్ళందర్నీ తీసేస్తావా?"

"ఆ మాట మీటింగులో చెప్పుకోండి. ఇరవై నిమిషాలుంది." సంతకం ఫోన్ జేబులో వేసుకుని మెట్ల వైపు నడిచాడు.

వరండాలో గోడ పట్టుకుని మూడో సీటు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. మొహం చూస్తే అంతా విన్నదని తెలుస్తోంది. గదిలో ఎడిటర్ బల్ల మీద తల పెట్టుకున్నాడు.

జిగురు జేబులో ఫోన్ మోగింది. అక్క. ఇరవై రెండేళ్ళ పోలీసు ఉద్యోగంలో ఎంత పనిలో ఉన్నా అక్క ఫోన్ ఎత్తినవాడు, ఆ పదహారు మందికి ఏం చెప్పాలో తెలియక, మోగి మోగి ఆగిపోయేదాకా దాన్ని చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.